గొల్లభామ కొంగులో గీత పాఠం

గీత ప్రకృతిలో విడిగా ఎక్కడా కనిపించదు. చెట్టు కొమ్మ అయిపోయినచోట ఆకాశం మొదలవుతుంది గానీ, రెంటికీ మధ్య నల్లటి గీత ఉండదు. ఒక రూపం ఎక్కడ ముగిసిందో చెప్పడానికి మనిషి పెట్టుకున్న గుర్తు అది. గీత తిరిగి వచ్చి తన మొదలును తానే తాకితే ఆకారం అవుతుంది. రంగు, స్థలం, లయ, సమతౌల్యం ఆ తర్వాతి పాఠాలు. డ్రాయింగు పుస్తకంలో ఈ మాటలు పొడిపొడిగా ఉంటాయి. సిద్దిపేట విద్యార్థికి మాత్రం అవి మగ్గం మీదా, పటం మీదా, పండుగ పూట వాకిట్లోనూ కనిపిస్తాయి.

సిద్దిపేట నేతకు పేరు తెచ్చింది గొల్లభామ చీర. తలమీద కుండ పెట్టుకుని పాలమ్మబోయే ఆడమనిషి బొమ్మ దాని గుర్తు. ఇది అద్దకం కాదు, కుట్టుపనీ కాదు. బట్టతోపాటే పుట్టే బొమ్మ. పడుగు పోగులు నిలువుగా, పేక పోగులు అడ్డంగా ఉంటాయి. మామూలు పేకకు తోడుగా రంగు నూలును చేత్తో, బొమ్మకు కావలసినంత మేర మాత్రమే, వరుస వరుసకూ ఇముడుస్తూ పోతే గొల్లభామ తయారవుతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. నిలువూ అడ్డమూ తప్ప మరో దారి తెలియని మగ్గం మీద వంపు గీత సాధ్యం కాదు. కుండ గుండ్రన, నడుము సన్నన, పావడా ఘేరు అన్నీ మెట్లు మెట్లుగానే రావాలి. ఒక్కో వరుసలో ఒకటో రెండో పోగులు పక్కకు జరుపుతూ పోతే, దూరం నుంచి చూసే కన్ను ఆ మెట్లను కలిపేసి వంపుగా చదువుకుంటుంది. ఫోన్ తెర మీది అక్షరం కూడా ఇలాంటి చిన్న చిన్న గడులతోనే గుండ్రంగా కనిపిస్తుంది. కన్నూ ముక్కూ చూపే వీలు లేనిచోట మనిషిని మనిషిగా నిలబెట్టేది బయటి ఆకారమే. అక్కర్లేనిది వదిలేసి, గుర్తుపట్టడానికి కావలసినది మాత్రం ఉంచుకోవడాన్ని డిజైనులో శైలీకరణ అంటారు. దీనికి గొల్లభామను మించిన ఉదాహరణ వెతకడం కష్టం. లెక్కల నోటుబుక్కు గడుల్లో గొల్లభామను వేయబోతే, కుండ దగ్గరికి వచ్చేసరికి నేతగాడి కష్టం తెలిసివస్తుంది.

ఒక బొమ్మ పక్కన అదే బొమ్మ, సమాన దూరంలో మళ్లీ అదే వస్తే లయ. ఆ దూరాన్ని ఖాళీ అనుకోకూడదు. రెండు బొమ్మల నడుమ మిగిలిన బట్టకూ ఒక ఆకారం ఉంటుంది. అది ఇరుకైతే బొమ్మలు గుంపులా కలిసిపోతాయి, మరీ వెడల్పైతే వరుస తెగిపోతుంది.

రంగు సంగతిలోనూ నేతదే పెద్ద పాఠం. పారిస్‌లోని గోబెలాఁ నేతశాలలో అద్దకం పనులు చూసిన రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రల్‌కు నల్ల నూలు తేలిపోతోందని ఫిర్యాదులు వచ్చేవి. అద్దకంలో లోపం లేదని, పక్కనున్న రంగు వల్లే నలుపు అలా కనిపిస్తోందని ఆయన తేల్చాడు. 1839లో దీనిమీద పుస్తకం వెలువరించాడు. ఏ రంగుకూ ఒంటరిగా విలువ కట్టలేం. ఆకుపచ్చ పక్కన ఎరుపు మండుతుంది, నారింజ పక్కన అదే ఎరుపు చల్లారుతుంది. చీరకు అంచు రంగు ఎంచే ఇల్లాలికి ఇది పుస్తకం చదవకుండానే తెలుసు.

చేర్యాల ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది. 2016లో జిల్లాల విభజనతో సిద్దిపేటలోకి వచ్చింది. అక్కడి నకాషీ చిత్రకారులు గీసే పటాలు కథ చెప్పేవాళ్ల కోసం పుట్టాయి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారి చేతిలో ఉండేది ఇలాంటి పటమే. ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూసి ఆరబెడతారు. దానిమీద కుంచెతో నేరుగా గీత వేసి, ముందుగా నేపథ్యమంతా ఎరుపు నింపుతారు. మనుషుల రంగులు, నగలు ఆ తర్వాత. ఎరుపు ముందుకు దూకే రంగు. దాన్ని వెనక్కి నెట్టి నిలపాలంటే బొమ్మల పసుపు, నీలం, తెలుపు గట్టిగా ఉండాలి, చుట్టూ నల్ల గీత తెగకుండా సాగాలి. దూరాన కూర్చున్న జనానికి బొమ్మ అందేది అందుకే.

ఈ పటాల్లో వెలుగునీడలు లేవు, దూరం పోయేకొద్దీ చిన్నవయ్యే చెట్లూ లేవు. దూరాన్ని అలా చూపే పద్ధతి పదిహేనో శతాబ్దపు ఫ్లోరెన్సులో స్థిరపడింది. అది మనిషి ఒకేచోట నిలబడి ఒక్క క్షణం చూసినదాన్ని చూపిస్తుంది. పటం చూపించాల్సింది క్షణాన్ని కాదు, కథను. కాబట్టి పూల అంచులతో గడులు కట్టి, ముఖ్యమైన మనిషిని పెద్దగా వేసి, ఒకదాని కింద ఒకటిగా కథ నడిపిస్తుంది. నకాషీలకు దూరం చూపడం రాలేదనడం తెలివితక్కువ మాట.

సమతౌల్యానికి బతుకమ్మ చాలు. తాంబాళంలో తంగేడు, గునుగు, బంతి వలయాలుగా పేర్చుకుంటూ, పైకి పోయేకొద్దీ సన్నబరుస్తారు. ఏ పక్క నుంచి చూసినా ఒక్కలాగే ఉండే ఈ అమరికకు వలయ సౌష్టవం అని పేరు. ఒక వలయం ఒక పక్క బలిసిందా, కంటికే కాదు, పేర్పుకూ ప్రమాదమే.

ఇవన్నీ ఒక్క చోట కలిసేది కాపు రాజయ్య చిత్రాల్లో. 1925లో సిద్దిపేటలో పుట్టిన ఆయన బోనాలు, బతుకమ్మ, ఊరి శ్రమజీవులను గీశారు. నకాషీల నుంచి తెగని గీతనూ చదునైన రంగునూ తీసుకున్నారు గానీ, పటంలోని గడులు తీసేశారు. కథ అంతా ఒకే చట్రంలోకి వచ్చేసరికి మనుషుల ఒంటి వంపులే చూపును ఒకరి నుంచి ఒకరికి నడిపించాలి. బోనమెత్తిన ఆడవాళ్ల వరుసలో ఆ పని జరుగుతుంది. తలమీది కుండలు ఒక లయ, చేతుల వంపులు ఇంకో లయ. 1963లో ఆయన సిద్దిపేటలో లలిత కళా సమితిని నెలకొల్పారు. 2012లో కన్నుమూశారు.