అమ్మ పక్క సీటు ఎవరిది?

1984లో వచ్చిన క్రాంతికుమార్ గారి 'స్వాతి' చూశారా? అందులో సుహాసిని తన తల్లి శారదకి దగ్గరుండి పెళ్ళి చేస్తుంది! తెర మీద కాబట్టి చప్పట్లు కొడతాం. అదే మన ఇంట్లో జరిగితే?

విజయవాడలో మా పక్కవాటా అమ్మాయికి ఆ అనుభవమే ఎదురైంది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. అమ్మానాన్నలు విడిపోయి నాలుగేళ్ళు. అమ్మ బట్టల షాపులో పనిచేస్తుంది. నాన్న ఇచ్చే భరణం ఓ నెల వస్తుంది, ఓ నెల రాదు. అయినా తల్లీకూతుళ్ళకి నెలకో సినిమా తప్పేది కాదు. రెండు టిక్కెట్లు, ఇంటర్వెల్‌లో ఒక సమోసా... చెరి సగం!

ఆ మధ్య టిక్కెట్లు మూడయ్యాయి. అమ్మ పక్కన మరొకాయన!

"ఆయన మంచివాడే అక్కా. అదే నా ఏడుపు! చెడ్డవాడైతే హాయిగా తిట్టుకునేదాన్ని" అంది. నేను నవ్వాను. తను నవ్వలేదు.

అసలు సంగతి తర్వాత బయటపడింది. "మీ అమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మీ నాన్న పైసా పంపడు, నీ చదువు గోవిందా" అని చుట్టాలెవరో అన్నారట. అప్పట్నుంచీ రాత్రిళ్ళు నోట్‌బుక్ వెనక ఫీజు లెక్కలే!

తెలిసిన లాయరుగారిని అడిగాను. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆగేది తల్లి భరణం. బిడ్డ భరణం బిడ్డదే; తల్లి పెళ్ళితో తండ్రి బాధ్యత తీరిపోదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ప్రకారం, సొంత ఆదాయం, ఆస్తి లేని పెళ్ళికాని కూతురికి మేజరయ్యాక కూడా ఆ హక్కు ఉంటుందట.

ఆ మాట చెబితే పిల్ల ముఖం తేటపడింది.

"ఇన్నాళ్ళూ అమ్మనే అడగొచ్చుగా?" అన్నాను.

"అడిగితే నా కోసం ఆయన్ని మానేస్తుందేమోనని..."

చూశారా? మనం కోపం అనుకున్నది కోపం కాదు!

ఆ రాత్రే నోట్‌బుక్ అమ్మ ముందు పెట్టింది. అమ్మ ఏడ్చిందట. తర్వాత ఇద్దరూ కూర్చుని ఫీజు, అద్దె, బియ్యం అన్నీ లెక్కేసుకున్నారట. అప్పు ఒక్క రూపాయీ తగ్గలేదు. కాని ఆ రాత్రి పిల్ల నిద్రపోయింది. మీ ఇంట్లోనూ ఇలాంటి లెక్క ఉంటే ఒంటరిగా వేయకండి.

పెళ్ళి మాట ఇంకా తేలలేదు. ఒక్క ఒప్పందం మాత్రం జరిగింది: నెలకో సినిమా తల్లీకూతుళ్ళిద్దరికే! సమోసా కూడా ఒక్కటే.

"పెద్ద ముక్క ఎవరికి?" అని అడిగాను.

"ఈ నెల అమ్మకి!" అంది.