చెవికో పుస్తకం, కంటికో పుస్తకం

డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకు వెళ్లినా, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లినా, పిల్లల పుస్తకాల స్టాళ్ల దగ్గర తల్లిదండ్రులు అడిగేది దాదాపు ఒకటే: ‘మా పాపకి అయిదేళ్లండీ, ఏ పుస్తకం తీసుకోమంటారు?’ వయసు చెబితే పుస్తకం తేలిపోతుందన్న నమ్మకం ఆ ప్రశ్నలో ఉంది. అట్టల మీద కూడా వయసో లెవెల్ నంబరో వేసి ఉంటుంది కాబట్టి ఆ నమ్మకం మరింత గట్టిపడుతుంది. కానీ అంతకంటే ముందు తేల్చుకోవలసినది వేరే ఉంది. ఆ పుస్తకాన్ని చదివేది ఎవరు? అమ్మో నాన్నో చదువుతుంటే పాప వింటుందా, పాపే వేలు పెట్టుకుని కూడబలుక్కుంటుందా? ఈ రెండు పనులకూ ఒకే పుస్తకం సరిపోదు. ఒకదానికి గుణమైనది రెండోదానికి దోషమవుతుంది. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ప్రతి పిల్లకూ, పిల్లాడికీ పెద్దలు చదువుతుంటే వినే చెవి పుస్తకాలు, తామే చదువుకునే కంటి పుస్తకాలు అని రెండు రకాలు, రెండు వేర్వేరు కొలతలతో ఎంచి ఇవ్వాలి. తెలుగులో ఈ అవసరం ఇంగ్లిష్‌లో కంటే ఎక్కువ. అందుకు కారణం మన లిపిలోనే ఉంది.

చదవడం అన్నది రెండు సామర్థ్యాల లబ్ధమని 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. అక్షరాలను గుర్తించి మాటగా పలకడం ఒకటి, విన్న మాటను అర్థం చేసుకోగలగడం ఒకటి. కూడిక కాదు, గుణకారం. రెంటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. చిన్నపిల్లల్లో ఈ రెండూ సమానంగా పెరగవు. నాలుగేళ్ల పిల్ల ‘మాయాబజార్’ సినిమాలో ఎవరు ఎవరి వేషంలో ఉన్నారో పట్టుకోగలదు, ఘటోత్కచుడి పేరు నోరారా పలకగలదు. అదే పేరును అచ్చులో చూసి చదవడానికి ఆమెకు ఇంకో మూడు నాలుగేళ్లు పడుతుంది. వినే తెలివి అంత ముందుండగా, ఆ పిల్లకు చదవడం వచ్చినంత మేరకే పుస్తకాలు ఇస్తే ఆ తెలివికి తిండి ఉండదు. తెలివికి తగిన పుస్తకాన్ని చేతికిచ్చి ‘నువ్వే చదువు’ అంటే రెండో పేజీలోనే పుస్తకం మూతపడుతుంది. ‘మావాడికి పుస్తకాలంటే ఇష్టం లేదండీ’ అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఈ తారుమారే ఉంటుంది.

ముందు చెవి పుస్తకం సంగతి. అమెరికాలో జెస్సికా మోంటాగ్, ఆమె సహచరులు 100 బొమ్మల పుస్తకాల్లోని భాషను, పెద్దలు పిల్లలతో మాట్లాడే మాటలతో పోల్చి 2015లో ఫలితాలు ప్రకటించారు. అదే పరిమాణంలో తీసుకుంటే పుస్తకాల్లోనే వేర్వేరు పదాలు ఎక్కువ. ఇంట్లో మనం పిల్లలతో అనే మాటలు తిను, తాగు, రా, పడుకో, హోంవర్క్ అయిందా అన్నవాటి చుట్టూనే తిరుగుతాయి. వాగు, గట్టు, కళ్లం, పొదుగు, ఎండుటాకు, గుసగుస, బిక్కమొహం లాంటివి అపార్ట్‌మెంట్లో పెరిగే పిల్ల చెవిన పడేది కథలోనే. కాబట్టి చెవి పుస్తకంలో కఠిన పదాలున్నాయని భయపడనక్కర్లేదు, ఉన్నందుకే కొనాలి. కొనేముందు ఒక పేజీ పైకి చదివి చూసుకోండి. నాలుక తడబడితే, వాక్యం అనువాదపు వాసన కొడితే పక్కన పెట్టేయండి. బొమ్మ మాత్రం కథలో చెప్పనిది కూడా చెబుతూ ఉండాలి. కథలో ప్రస్తావనే లేని పిల్లి ప్రతి పేజీలో ఏదో మూల దాక్కుని ఉంటే, పెద్దలు చదువుతుండగా పిల్లలు వెతుక్కుంటారు, ప్రశ్నలు వేస్తారు. ఇక ‘అదే కథ మళ్లీ చదువు’ అని పిల్లలు మొండికేస్తే విసుక్కోవద్దు. ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో జెస్సికా హోర్స్ట్ బృందం 2011లో మూడేళ్ల పిల్లల మీద చేసిన ప్రయోగంలో, కొత్త పదాలను వేర్వేరు కథల్లో విన్నవారి కంటే ఒకే కథలో పదే పదే విన్నవారు బాగా నేర్చుకున్నారు. పది పుస్తకాలు హడావిడిగా చదివి పారేయడం కంటే మూడింటిని ముప్పైసార్లు చదవడమే మేలు.

ఇలా వింటూ వింటూ చదవడం కూడా దానంతటదే వచ్చేస్తుందని కొందరి ఆశ. కెనడాలో మేరీ ఆన్ ఎవాన్స్, జాన్ సెంటోబాన్ 2005లో ప్రకటించిన పరిశోధనలో, కథ చదివి వినిపిస్తున్నప్పుడు చిన్నపిల్లల చూపు ఎటు పోతోందో యంత్రంతో గమనించారు. చూపంతా బొమ్మల మీదే, అచ్చు మీద నిలిచింది చాలా తక్కువ. ఆ సమయంలో వాళ్లు చేయవలసిన పని అదే కాబట్టి అందులో తప్పు లేదు. అక్షరం పట్టుబడాలంటే మాత్రం వేరే పుస్తకం కావాలి. తెలుగులో అసలు ఇబ్బంది మొదలయ్యేది అక్కడే.

ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లవాడి ముందు 26 అక్షరాలుంటాయి. వాటి స్పెల్లింగుల చిక్కు వేరు, కానీ పెద్దవి, చిన్నవి కలిపినా ఆకారాలు కొద్దే. తెలుగు పిల్లకు అచ్చులు, హల్లులు అయ్యాక తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఎత్వం, ఒత్వం అంటూ ప్రతి హల్లుకూ గుణింతం, ఆపైన ఒత్తులు. మొత్తం మీద గుర్తుపట్టవలసిన రూపాలు కొన్ని వందలు. మన లిపికి తోబుట్టువైన కన్నడ లిపిలో ఒకటి నుంచి నాలుగు తరగతుల పిల్లలను పరిశీలించిన సోనాలీ నాగ్, అక్షరాలన్నీ పట్టుబడటానికి నాలుగో తరగతి దాకా కూడా సమయం పడుతోందని 2007లో చూపించారు. బడిలో ఒత్తులు చివరికి వస్తాయి. ఇంట్లో పిల్లలు ముందుగా నేర్చే మాటలు చూడండి: అమ్మ, నాన్న, అక్క, అన్న, చెల్లి, తమ్ముడు, అత్త, అవ్వ, అమ్మమ్మ, నాయనమ్మ. అన్నిటా ఒత్తే. ఇల్లు, చెట్టు, పువ్వు, కుక్క, పిల్లి, అన్నం, బొమ్మ, అన్నీ అంతే. ఒత్తు లేకుండా దొరికే చుట్టాలు తాత, మామ, బాబాయి లాంటి కొందరే. పైగా మ, న, త, ల ఒత్తులు అసలు అక్షరాల్లా ఉండవు, వాటిని కొత్త గుర్తులుగానే నేర్చుకోవాలి. మొదటి పాఠాల్లో వల, పలక, పడవ, గడప అంతగా కనిపించడానికి కారణం ఇదే. పిల్లల బతుకులో నిండా ఉన్న మాటలు వాళ్ల కంటికి అందవు, కంటికి అందే మాటల్లో వాళ్ల బతుకు ఉండదు. కంటి పుస్తకం రాసేవాళ్లు దాటవలసిన కష్టం ఇది. అమ్మ, అక్క లాంటి ద్విత్వాలను ముందే చనువుగా పరిచయం చేసి, స్క, త్స్య లాంటి సంయుక్తాలను బాగా వెనక్కి నెట్టే పుస్తకాలే ఈ కష్టాన్ని దాటుతాయని నా అభిప్రాయం.

అందుకే అట్ట మీది లెవెల్ నంబరును తెలుగులో జాగ్రత్తగా చూడాలి. బెంగళూరులో 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్, 2015లో తెరిచిన స్టోరీవీవర్ వేదిక ద్వారా వేల పుస్తకాలను ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. తెలుగులోనూ నాలుగు స్థాయిల్లో బోలెడు దొరుకుతాయి. ఇది పెద్ద మేలు. అయితే ఇంగ్లిష్‌లోనో హిందీలోనో పుట్టిన పుస్తకం తెలుగులోకి వచ్చినప్పుడు తరచూ దాని స్థాయి కూడా వెంటే వస్తుంది. అక్కడ మూడు చిన్న మాటలుగా ఉన్నది ఇక్కడ ‘వెళ్ళిపోతున్నాడు’ అనే ఒకే మాటవుతుంది. పదాలు లెక్కిస్తే తేలికైనట్టే కనిపిస్తుంది. పిల్ల కంటికి మాత్రం ఆ ఒక్క మాటలో ఆరు అక్షరాలు, రెండు ఒత్తులు, ఎత్వం, ఓత్వం. ఒడ్డున ఆగిపోయిన పడవ బొమ్మ ఉందనుకోండి. దాని కింద ‘పడవ కదలదు’ అని ఉంటే ఏడక్షరాల్లో ఆరు వట్టి తలకట్టువి, చివర ఒక్క కొమ్ము. ‘పడవ ముందుకు వెళ్ళడంలేదు’ అని ఉంటే పెరిగింది ఒక్క పదమే, కానీ సున్నలు, కొమ్ములు, ఎత్వం, ఏత్వం, ఒత్తు అన్నీ మీదపడతాయి. అర్థం ఇంచుమించు ఒకటే. మొదటిది బడిలో చేరిన కొన్ని నెలలకే చదవగల వాక్యం, రెండోది మరుసటి ఏడాదిది. కంటి పుస్తకం కొనేటప్పుడు పేజీలో ఎన్ని పదాలున్నాయని కాదు, మీ పిల్లకు ఇంకా రాని రూపాలు ఎన్ని ఉన్నాయని చూడండి. ఒకటి రెండుంటే పరవాలేదు, వాక్యానికి మూడు తగులుతుంటే అది ఇంకా చెవి పుస్తకమే.

బొమ్మల విషయంలోనూ కొలత తిరగబడుతుంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రకటించిన అధ్యయనంలో, కొత్తగా చదవడం నేర్చుకుంటున్న పిల్లలకు కథకు అవసరం లేని వివరాలు తీసేసిన బొమ్మలతో పుస్తకం ఇస్తే, చూపు అచ్చు మీద నుంచి పక్కకు పోవడం తగ్గింది, కథ మరింత బాగా అర్థమైంది. చెవి పుస్తకంలో పిల్లలను ఆనందపెట్టిన ఆ మూల పిల్లే ఇక్కడ ఆటంకం. అచ్చు తెల్లటి నేల మీద, పెద్దదిగా, బొమ్మ మీదికి ఎక్కకుండా ఉండాలి. ఒత్తు కింది వరుసకు తగలనంత ఎడం ఉండాలి. పంక్తి చివర చోటు చాలక మాటను విరిచి కింది పంక్తిలో పడేసిన పుస్తకాన్ని ఆ వయసు పిల్లలకు కొనవద్దు. పెద్దలకు అలవాటైన ఆ విరుపు పిల్లలకు రెండు అర్థంలేని ముక్కలు.

మాండలికం సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. చెవి పుస్తకంలో ‘మొక్కజొన్న పొత్తు’ అని ఉంటే కరీంనగర్‌లో చదివే అమ్మ దాన్ని ‘మక్క కంకి’ అని మార్చి చదవగలదు. కంటి పుస్తకంలో పిల్ల ఒంటరి. కూడబలికిన శబ్దం తనకు తెలిసిన మాట అయినప్పుడే ‘సరిగ్గా చదివాను’ అని తనకు తెలుస్తుంది. తెలియని మాటైతే సరిగ్గా చదివినా తప్పు చదివానేమోనని ఆగిపోతుంది. కాబట్టి కంటి పుస్తకంలో ఇంటి మాటలే ఉండాలి.

ఇలా విడదీస్తే కంటి పుస్తకాలు ఎండిపోయిన పాఠాలు అవుతాయి కదా, మంచి సాహిత్యం రెండు పనులూ చేయాలి కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో 1957లో డాక్టర్ స్యూస్ కేవలం 236 వేర్వేరు పదాలతో ‘ద క్యాట్ ఇన్ ద హ్యాట్’ రాసి, హద్దుల్లోనూ అల్లరి పుట్టించవచ్చని చూపించారు. తెలుగులో గుణింతాల హద్దు పెట్టుకుని అలా రాయడానికి కవి కావాలి. మనకు బాలసాహిత్యం లేక కాదు. 1947లో మొదలైన ‘చందమామ’ తరాలను పెంచింది. కానీ అది అప్పటికే చదవడం వచ్చిన పిల్లల పత్రిక. చదవడం వచ్చేలోపు వయసుకు మన రచయితలు ఇచ్చింది తక్కువ. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం సంస్థ, ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా)తో కలిసి బొమ్మల కథల పోటీలు పెట్టి పుస్తకాలు వేయడం ఈ లోటు తీర్చే మంచి ప్రయత్నాల్లో ఒకటి. 1996లో మొదలైన చెన్నై సంస్థ తూలిక ద్విభాషా పుస్తకాల్లోనూ, నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం వరుసలోనూ చెవికి తగినవి చవగ్గా దొరుకుతాయి. కంటికి తగినవే ఇంకా వెతుక్కోవాలి.

నీతి కావాలనే తల్లిదండ్రులకు ఒక మాట. చివరి పేజీలో నీతి ఉన్నంత మాత్రాన పుస్తకం చెడ్డది కాదు. కానీ నీతి ఉందా లేదా అన్నదే మొదటి కొలత అయితే, పిల్ల మళ్లీ అడగని పుస్తకాలతో అలమర నిండుతుంది.

ఇంగ్లిష్ మీడియం పిల్లలకు ఇదంతా ఎందుకన్నది బలమైన అభ్యంతరం. 2024 వార్షిక విద్యా స్థితి నివేదిక (అసర్) ప్రకారం గ్రామీణ భారతంలో ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. 2022లోని 16.3 శాతం కంటే మెరుగే, అయినా నలుగురిలో ముగ్గురు వెనకబడినట్టు. పిల్లలు తాము ఎంచుకున్న భాషలో చదివితేనే లెక్క ఇలా ఉంది. ఇంట్లో వినని భాషలో అక్షరం కూడబలకడమంటే ఆ గుణకారంలో రెండో అంకెను, అంటే విని అర్థం చేసుకోవడాన్ని, చిన్నది చేసుకోవడం. ఇంటి భాషలో కథ విని పెంచుకున్న ఊహ, క్రమం, కారణం పట్టుకునే నేర్పు ఇంగ్లిష్ చదువులోకీ వెంట వస్తాయి. ఇక ఫోన్లో కథలు వింటున్నారుగా అంటే, 2019లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పసివాళ్లతో తల్లిదండ్రులు టాబ్లెట్ పుస్తకాలు చదివేటప్పుడు అచ్చు పుస్తకాలతో కంటే తక్కువ మాట్లాడుకున్నారని గమనించారు. పోయింది ఆ మాటలే. తల్లిదండ్రులకు చదవడం రాకపోతే మాటల్లేని బొమ్మల పుస్తకాలున్నాయి. అవి చేతిలో ఉంటే అక్షరం రాని అవ్వ కూడా చెవి పుస్తకమే చెబుతుంది.

అమెరికాలోని తెలుగు పిల్లల్లో ఈ రెండు సామర్థ్యాలూ తలకిందులుగా ఉంటాయి. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి లాంటి చోట్ల ఎనిమిదేళ్ల పిల్లలు రెండేళ్లలో ఒత్తులతో సహా చదివేస్తారు. కానీ చదివిన మాటల్లో చాలావాటిని వాళ్లు ఎప్పుడూ వినలేదు. అక్కడ కన్ను ముందుంది, చెవి వెనకబడింది. హైదరాబాద్‌లో ఇంట్లో కూడా ఇంగ్లిష్ మాట్లాడే కుటుంబాల పిల్లలూ ఆ దారిలోనే ఉన్నారు. వాళ్లకు లెవెల్ ఒకటి పుస్తకాలు ఎన్ని కొన్నా ఉపయోగం తక్కువ. కథ గట్టిగా ఉన్న చెవి పుస్తకాలు రెండేసి ప్రతులు కొనండి. ఒకటి డాలస్‌లో మనవరాలి దగ్గర, ఇంకొకటి తెనాలిలో అమ్మమ్మ దగ్గర ఉంటే, శనివారం వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకే పేజీ తిప్పుకోవచ్చు.