సంకోచం వీడి, స్వరం విప్పి



వక్తృత్వపు పోటీకి పేర్లు ఇమ్మని అడగగానే తరగతిలో తలలు వంగిపోవడం అధ్యాపకులమైన మాకు నిత్యానుభవం. విషయం తెలియక కాదు. భాష రాకా కాదు. “నలుగురూ ఏమనుకుంటారో” అన్న ఒక్క శంక నాలుకను కట్టివేస్తుంది. ఆ శంక స్వరూపమేమిటో, దానిని దాటే మార్గమేమిటో సంగ్రహంగా పరిశీలిద్దాం.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ గిలోవిచ్, ఆయన సహచరులు 2000లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించారు. వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ గల చొక్కాను ఒక విద్యార్థికి తొడిగి, తోటివారున్న గదిలోకి పంపారు. ఆ బొమ్మను ఎందరు గుర్తుపట్టి ఉంటారని అడిగితే, అలా వెళ్ళినవారు సుమారు సగం మందని ఊహించారు. నిజానికి గుర్తుపట్టినవారు దాదాపు నాలుగో వంతు మాత్రమే. మన లోపం మనకు కనిపించినంత పెద్దదిగా లోకానికి కనిపించదు. ఎవరి చొక్కా గురించిన చింత వారిది.

అయితే మన విద్యార్థుల సంకోచం ఇంతమాత్రంతో తీరేది కాదు. చొక్కా మార్చుకోవచ్చు, పేరును, ఇంటి మాటను మార్చుకోలేము కదా! మన తిరువూరు ఖమ్మం జిల్లా పొలిమేరలోని పట్టణం. మనలో కొందరికి ఇంట దక్కనీ ఉర్దూ, వీధిలో రెండు జిల్లాల యాసలూ కలిసిన తెలుగు, పుస్తకంలో వేరొక తెలుగు. మరికొందరు ముస్లిముల ఇంటిభాషే తెలుగు. మొదటివారి తెలుగులో ఉర్దూ వాసన ఉందని ఒకరు నవ్వుతారు, రెండవవారిని “ఉర్దూ రాని సాయిబువా?” అని వేరొకరు ఎత్తిపొడుస్తారు. “సాయిబులై ఉండి ఎంత చక్కగా తెలుగు మాట్లాడుతున్నారండీ!” అన్న ప్రశంస మేమూ ఎన్నోసార్లు విన్నాము. ఆ ప్రశంసలోని ఆశ్చర్యం ముల్లువలె గుచ్చుకోకపోలేదు.

ఇక్కడ మా తప్పునొకదానిని ఒప్పుకోవాలి. మేము ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది ఒక విద్యార్థిని పండుగపై వ్యాసం రాసింది. అందులో నానీ ఉన్నది, షీర్‌ ఖుర్మా ఉన్నది, ఈద్‌గాహ్‌కు వెళ్ళే తమ్ముడి కొత్త టోపీ ఉన్నది. మేము “నానీ” కింద ఎర్రగీత గీసి “అమ్మమ్మ” అని, “షీర్‌ ఖుర్మా” కింద గీసి “పాయసం” అని దిద్దాము. ఆమె మారు మాటాడక తిరిగి రాసుకొచ్చింది. తప్పులు లేవు, కాని ఆ వ్యాసంలో ఆమె ఇల్లు లేదు. మరల ఆమె తన ఇంటి గురించి ఏనాడూ రాయలేదు. సంకోచాన్ని పోగొట్టవలసిన చేతితోనే దానిని నేర్పామని మాకు ఆలస్యంగా తెలిసింది.

ఆ ఎర్రగీతలను చెరిపినవారు మన సాహిత్యంలోనే ఉన్నారు. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా (1885–1945) తెలుగు పద్యకవిగా, నాటకకర్తగా ప్రసిద్ధులు. తెలుగు తనకు పరాయిదని ఆయన తలచలేదు. 1991లో వెలువడిన ఖాదర్ మొహియుద్దీన్ దీర్ఘకవిత “పుట్టుమచ్చ” ముస్లిముగా తన వేదనను తెలుగులో సూటిగా పలికింది. మహమ్మద్ ఖదీర్‌బాబు “దర్గామిట్ట కథలు” (1999) నెల్లూరు జిల్లా ముస్లిం ఇళ్ళ మాటను యథాతథంగా అచ్చుకెక్కించాయి. వేంపల్లె షరీఫ్ “జుమ్మా” కథలకు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది. ఇక వట్టి ఇంటి మాటగా మనం చిన్నచూపు చూసే దక్కనీలోనే గోలకొండ నేలిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా (1580–1612) కవిత్వం చెప్పాడు. వీరెవ్వరూ తమ గొంతును దాచుకొని గొప్పవారు కాలేదు.

ఆత్మస్వీకారమంటే ఆత్మస్తుతి కాదు. “నేనింతే, మారను” అన్న మొండితనమూ కాదు. ఉన్నదానిని ఉన్నట్లు ఒప్పుకున్నవాడే దానిని మెరుగుపరచుకోగలడు. ఉచ్చారణ దోషాన్ని దిద్దుకోవడం విద్య. తల్లి మాటను దాచుకోవడం భయం. ఈ రెండింటి భేదం గ్రహించాలి. అట్లే, మనస్సులోనిదంతా అందరి ముందూ వెళ్ళగక్కనక్కరలేదు. కొన్నిటిని మనలోనే ఉంచుకోవచ్చు. లేనిదానిని ఉన్నట్లు నటించడమే కూడదు. పెద్దల ఎడ మర్యాద, ఎదుటివారి మాట వినే ఓర్పు తప్పక ఉండాలి.

ధైర్యం వచ్చాక మాట్లాడదామనుకుంటే అది ఏనాటికీ రాదు. మాట్లాడగా మాట్లాడగా వచ్చేదే ధైర్యం. మొదట ఒక మిత్రుని ఎదుట, పిదప నలుగురి ఎదుట, ఆపైన వేదిక మీద. తడబడితే ఆగి, ఊపిరి తీసుకొని, మరల ఆరంభించండి. ఎవరైనా నవ్వితే ఆ నవ్వు తరగతి గంటతో ముగుస్తుంది. మీరు చెప్పకుండా మింగిన మాట మాత్రం ఏళ్ళ తరబడి వెంటాడుతుంది.

వచ్చే సంచికకు మీ ఇంటి గురించి రాసి ఇవ్వండి. నానీని నానీగానే, అమ్మమ్మను అమ్మమ్మగానే రాయండి. ఎవరికైనా తెలియని మాట ఉంటే అడిగి తెలుసుకుంటారు. ఈసారి మా ఎర్రసిరా అక్షర దోషాలకే పరిమితమని మాట ఇస్తున్నాము.