బెనెడిక్టు నియమావళి – గృహస్థ క్రైస్తవ జీవనము

సన్న్యాసమనగా మన సంప్రదాయమున ఇల్లు విడిచి ఒంటరిగా సంచరించుట ప్రధానముగా స్ఫురించును. పాశ్చాత్య క్రైస్తవ మఠజీవనమునకు ఆధారమైన బెనెడిక్టు నియమావళి దీనికి భిన్నమైన మార్గమును చూపినది. ఇటలీలోని నూర్సియాలో సుమారు క్రీ. శ. 480లో జన్మించిన బెనెడిక్టు తొలుత సుబియాకో గుహలో ఏకాంతవాసము చేసెను. పిదప మోంటె కస్సీనో కొండపై మఠమును స్థాపించి, ఆరవ శతాబ్దిలో 73 అధ్యాయముల నియమావళిని లాటిన్ భాషలో రచించెను. ఇది ఒక నియమమునకును ఒక మఠాధిపతికిని లోబడి కలసి జీవించువారికై ఏర్పడినది. బ్రహ్మచారులకై వ్రాసిన ఈ గ్రంథము ఆలుబిడ్డలతో కాపురము చేయు క్రైస్తవునకు ఏమి బోధింపగలదో మేమిచట విచారింపదలచితిమి.

మొదటిది స్థిరత్వము. మఠమున చేరువాడు ఆ సమాజమును విడువనని ప్రతిన చేయవలెను. మూడు నాలుగు దినములకొక మఠము మారుచు తిరుగు యతులను మొదటి అధ్యాయము తీవ్రముగా గర్హించినది. ఇందలి అంతరార్థమును మేమిట్లు గ్రహించితిమి: మన లోపమును మనకు చూపువాడు నిత్యము మనతో మెలగువాడే, చోటు మార్చినవాడు ఆ అద్దమును పోగొట్టుకొనును. చిన్న మనస్పర్ధకే సంఘమును విడిచి వేరొక సంఘమును వెదకు విశ్వాసికి ఇది గమనింపదగిన విషయము.

రెండవది క్షమ. ప్రభువు నేర్పిన ప్రార్థనను ఉదయ సాయంకాలములందు అందరును వినునట్లు మఠాధిపతి పఠింపవలెనని 13వ అధ్యాయము విధించినది. కలసి బ్రతుకువారి నడుమ కలతలు ముండ్లవలె మొలచుననియు, క్షమించెదమని దేవుని యెదుట పలికిన మాట వానిని తొలగించుననియు దాని భావము. కలహమే లేని కుటుంబమును బెనెడిక్టు ఊహింపలేదు. కలహమును మరునాటికి మిగుల్పని కుటుంబమును కోరెను.

మూడవది సేవ. 35వ అధ్యాయము ప్రకారము వంటపని వారమునకు కొందరి చొప్పున వంతులవారీగా అందరిదియు. రోగులకును ముఖ్యకార్యములందున్నవారికిని మాత్రమే మినహాయింపు కలదు. మఠములోని పనిముట్లను పూజాపాత్రలవలె చూడవలెనని 31వ అధ్యాయము చెప్పుచున్నది. వంటింటి భారమంతయు స్త్రీలదేయని తలచు ఇండ్లలో ఈ రెండు విధులును ఆలోచింపదగినవి.

అయినను ఒక భేదమును మరువరాదు. మఠాధిపతిని సమాజమే ఎన్నుకొనును. చేరువాడు ఏడాది పరీక్షాకాలమున నియమావళిని ముమ్మారు విని, తన యిష్టముతో ప్రతిన చేయును. బిడ్డలు ఇంటిని అట్లు ఎన్నుకొని పుట్టలేదు. కావున ఇంటి యజమాని మఠాధిపతి అధికారమును తనకు ఆరోపించుకొనుట నియమావళి భావమునకే విరుద్ధము. అతడు గ్రహింపవలసినవి మఠాధిపతి బాధ్యతలు: ప్రతియొక్కరిని గూర్చియు దేవునికి లెక్క చెప్పవలెనను భయము, ముఖ్యవిషయములందు అందరిని సమావేశపరచి చిన్నవారి మాటను సైతము ఆలకించుట. మూడవ అధ్యాయమున ఉన్న ఈ చివరి విధిని పాటించుటకు ఏ గృహస్థునకును కాషాయముతో పనిలేదు.