పాత పత్రికలలోని ప్రకటనలు



పాత మాసపత్రిక యొకటి చేతికి వచ్చినప్పుడు మనలో పెక్కురు కథలను, వ్యాసములను విడిచి ముందుగా ప్రకటనల పుటలనే తిరుగవేయుదురు. తలనొప్పి మందులు, కేశతైలములు, గడియారములు, ఇనుప నాగళ్లు కంటబడగానే చుట్టునున్నవారికి మాట పుట్టును. “ఇది మా తాతగారి యింట నుండెడిది” అని యొకరు, “వెల యింతేనా!” అని మరియొకరు. ఈ సంభాషణ వట్టి పొద్దుపుచ్చుటకని కొందఱు తలంతురు. మే మట్లు తలంపము.

ఆంధ్రదేశమున పత్రికకును ప్రకటనకును గల చుట్టరికము పాతది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజన వ్యాపారమును స్థాపించిరి. 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో చెన్నపట్టణమునుండి దినపత్రికగా వెలువరించిరి. 1924లో భారతిని నెలకొల్పిరి. ఈ పత్రికలకు బలము అమృతాంజనపు రాబడియే. మన వాఙ్మయమునకు తలనొప్పులు చేసిన యుపకారము తక్కువది కాదు!

అయితే కర్షకులు తప్పక చూడదగిన పాత ప్రకటన యొకటి అమెరికాలో కలదు. 1947 జూన్ 30వ తేదీ టైమ్ పత్రికలో పెన్సిల్వేనియా సాల్ట్ అను రసాయనముల కంపెనీవారు దానిని వేయించిరి. ఆవు, కుక్క, కోడి, ఆపిలుపండు, బంగాళదుంప, వీని నడుమ నొక గృహిణి నిలిచి, డి.డి.టి. తమకు మేలు చేయుచున్నదని నోరారఁ బాడుచున్నట్లు బొమ్మ వేసినారు. ఈఁగల బాధ తొలగిన పశువులు 50 పౌనుల వరకు, అనగా సుమారు 23 కిలోల వరకు, అధికముగా బరువెక్కుననియు, పాడియావులు నూటికి 20 వంతుల వరకు హెచ్చుగా పాలిచ్చుననియు అందు వ్రాసిరి.

ఈ ప్రకటనను నేడెవరైనను పదుగురికి చూపినచో యువకులు నవ్వుదురు. విషము చల్లించుకొని పాటలు పాడిన యావును చూచి నవ్వక యేమి చేయుదురు? కాని ఆ గుంపులో వృద్ధుఁడొక్కఁడున్నచో, “ఆ మందే మా యూరిని చలిజ్వరమునుండి కాపాడినది” అనును. ఆయన మాటయు సత్యమే. స్విట్జర్లాండు దేశస్థుఁడగు పాల్ ముల్లర్ 1939లో డి.డి.టి.కి కీటకములను జంపు శక్తి కలదని కనుగొని 1948లో నోబెల్ బహుమానమును పొందెను. మన దేశమున 1947 ప్రాంతమున ఏటా సుమారు 7½ కోట్ల మంది మలేరియా వాత పడుచుండిరని లెక్క. 1953లో దేశవ్యాప్తముగా ఇండ్ల గోడలకు ఈ మందు చల్లుట ప్రారంభమయిన పిమ్మట, 1965 నాటికి ఆ సంఖ్య లక్షకు దిగినది. తరువాత దోమలకు మందు అలవాటు పడుటయు, ఇతర లోపములును కలిసి, 1976లో మరల 64 లక్షలకు పెరిగినది.

కావున నవ్వినవారిదిగాని, మెచ్చినవారిదిగాని మాట పూర్తి కాలేదు. మా మట్టుకు మేము నిలిచి చూచినది పాల సంగతి. ఈఁగలు లేని యావు నెమ్మదిగా మేసి హెచ్చుగా పాలిచ్చు ననుటలో వింత లేదు. పాడి చేయువారందఱు నెఱిగినదే. మఱి చల్లిన మందు ఎచ్చటికి పోవును? అది నీటిలో కరగదు, క్రొవ్వులో కరగును. పశువు మేనఁ జేరి, వెన్నతోపాటు పాలలోనికి వచ్చును. ఆ ప్రకటన వెలువడిన రెండేండ్లకే, 1949లో, అమెరికా వ్యవసాయశాఖవారు పాడిపశువులపై దానిని వాడవలదని సలహా నిచ్చిరి. 1962లో రేచల్ కార్సన్ గ్రంథము వెలువడినది; 1972లో ఆ దేశమున పంటలపై డి.డి.టి. వాడుక నిషేధింపఁబడినది. మన దేశమున పంటలపై నిషేధము 1989లోఁ గాని రాలేదు. ఆ నడిమి కాలమున మన చేలలో చల్లినవారు మనవారే.

ఇప్పటి మందుల ప్రకటనలు గోడలపైనను, కరపత్రములపైనను కానవచ్చుచున్నవి. వానిలోను పచ్చని చేను, నవ్వు మొగము, దిగుబడి మాట ఉండును. చివరిసారి చల్లిన యెన్నాళ్లకు పంట కోయవలెనో బొమ్మ చెప్పదు. దానికి డబ్బా మీది సన్నని యక్షరములను, లోపలి కాగితమును చదువవలెను. 1968 నాటి కీటకనాశకముల చట్టము క్రింద డబ్బాపై విషతీవ్రతను దెలుపు రంగు గుర్తు ఉండవలెను: ఎఱుపు మిక్కిలి తీవ్రము, పిదప పసుపు, నీలము, ఆకుపచ్చ. ఆకుపచ్చ యన్నంత మాత్రాన తీర్థము కాదు సుమా! చట్టము అనుమతించిన మందే మరునాడు నిలిచిపోవచ్చును. పత్తిచేలలో ఏండ్లకొలది చల్లిన ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టువారు ఆపివేయించిరి.

ఒక్క మనవి. మాసపత్రికలను సంపుటములుగా కుట్టించునప్పుడు అట్టలను, ప్రకటనల పుటలను చించివేయు వాడుక గ్రంథాలయములలోను, ఇండ్లలోను కలదు. అందుచేత వ్యాసములు మిగిలినను, ఎరువులను మందులను గూర్చి ఆనాటి రైతుకు చెప్పిన మాటలు మిగులుట లేదు. మీ యిండ్ల అటకలపై పాత పత్రికలున్నచో తూకమునకు వేయక, సంఘ కార్యాలయమునకు తెండు. ఎరువుల కొరకు సభ్యులు కూడు దినమున వానిని, ఈ యేటి మందుల కరపత్రములను ప్రక్కప్రక్కనఁ బెట్టి చదువుదము.