ఊరికి చెప్పకపోయినా నాకు చెప్పండి

మా దగ్గర కడుపుతో ఉన్న సంగతి మూడో నెల నిండేదాకా బయటపెట్టరు. దిష్టి తగులుతుందని ఒక భయం, నిలుస్తుందో లేదోనని ఇంకో భయం. కామారెడ్డి జిల్లాలో ఏఎన్ఎంగా పనిచేస్తున్న నాకు ఆ భయాల మీద కోపం లేదు. నేనూ ఈ పల్లెల మనిషినే. కాకపోతే, దాచిపెట్టే ఆ మూడు నెలల్లోనే లోపల అసలు పని జరుగుతుంది. బిడ్డ మెదడుకు, వెన్నుపాముకు మూలమైన నాళం పిండం ఏర్పడిన 28 రోజులకల్లా మూసుకుంటుంది. అంటే నెల తప్పిన రెండు వారాలకు. అప్పటికి చాలామంది పరీక్ష కిట్టు కూడా చేతబట్టి ఉండరు.

ఫోలిక్ యాసిడ్ మాత్ర గురించి నేను అంత తొందరపెట్టేది అందుకే. రోజుకు 400 మైక్రోగ్రాములు. పిల్లలు కావాలనుకున్నప్పుడే మొదలుపెడితే మంచిది, లేదంటే నెల తప్పిందని తెలిసిన రోజే. ఆ నాళం సరిగా మూసుకోక వచ్చే లోపాలను ఇది చాలావరకు ఆపుతుంది. సర్కారు దవాఖానలో డబ్బులు తీసుకోకుండానే ఇస్తాం. మూర్ఛ మందులు వాడేవాళ్లకు, ఇదివరకు అలాంటి లోపమున్న బిడ్డ పుట్టినవాళ్లకు మోతాదు ఎక్కువ కావాలి, డాక్టరే రాయాలి. థైరాయిడ్, బీపీ, షుగర్, మూర్ఛ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు కడుపు వచ్చిందని సొంతంగా ఆపేయొద్దు. ఆ మందుల చీటీ తీసుకొని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పరీక్షకు మందుల షాపుకే పోనక్కరలేదు, ఆశా కార్యకర్త దగ్గర కిట్టు ఉంటుంది. పొద్దున్నే మొదటి మూత్రంతో చూడాలి. రెండో గీత మసగ్గా వచ్చినా వచ్చినట్టే. ఒక్క గీతే వచ్చి, నెలసరి కూడా రాకపోతే వారం ఆగి మళ్లీ చూడాలి.

వారాల లెక్కతో వచ్చే గొడవ

మా వైపు మగవాళ్లు చాలామంది గల్ఫ్‌లో ఉంటారు. ఒక అత్త స్కానింగు రిపోర్టు పట్టుకొని నా దగ్గరికి వచ్చింది. కొడుకు దుబాయి నుంచి సెలవు మీద వచ్చి ఐదు వారాలు దాటింది, రిపోర్టులో ఏడు వారాలని ఉంది. "ఏంది సిస్టరమ్మా ఇది? మావోడు వచ్చిందెప్పుడు, ఇది ఎప్పటిది?" అని గొంతు తగ్గించి అడిగింది. వెనక కోడలు తల వంచుకొని నిలబడింది.

డాక్టర్లు వారాలను లెక్కపెట్టేది ఆఖరి నెలసరి మొదలైన రోజు నుంచి. అండం విడుదలయ్యేది దాదాపు రెండు వారాల తర్వాత. అంటే మొదటి రెండు వారాలు కడుపు లేని వారాలే. ఏడు వారాలని రాశారంటే పిండం వయసు ఐదు వారాలు. "మీ కొడుకు వచ్చినంక వచ్చిందే పెద్దమ్మా" అని క్యాలెండరు మీద వేలు పెట్టి చూపించాను.

కాన్పు తేదీ లెక్క కూడా ఆఖరి నెలసరి మొదలైన రోజు నుంచే. తొమ్మిది నెలలు, ఏడు రోజులు కలపాలి. జూన్ 10న ఆఖరి నెలసరి మొదలైతే మార్చి 17. నెలసరి క్రమంగా రానివాళ్లకు ఈ లెక్క కుదరదు, మొదటి నెలల్లో తీసే స్కానింగే నమ్మకం. గుండె చప్పుడు ఆరో వారం ప్రాంతంలో తెలుస్తుంది. తొందరపడి ముందే పోయి, చప్పుడు లేదన్నారని ఏడ్చేవాళ్లను చూశాను. వారం పది రోజులాగి మళ్లీ తీయిస్తే చాలామందికి కనిపిస్తుంది.

వేవిళ్లు నటన కాదు

ఆరో వారం అటూఇటుగా మొదలై, తొమ్మిదో వారానికి ముదిరి, నాలుగో నెలలో చాలామందికి తగ్గిపోతాయి. పోపు వాసన పడదు, పళ్లు తోముకుంటే వాంతి. "మేం నాట్లేసుకుంటనే కన్నం, వీళ్లవన్నీ నకరాలు" అనే మాట ప్రతి వాడలో వింటాను. ఒంట్లో తేడా ఉంటుందమ్మా. మాయ నుంచి జీడీఎఫ్15 అనే హార్మోను తల్లి రక్తంలో చేరుతుంది. కడుపు రాకముందు అది తక్కువగా ఉన్న ఆడవాళ్లకు వాంతులు ఎక్కువవుతాయని 2023 డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. అదే పొలం పనిచేసినా ఒకరికి వాంతి రాకపోవచ్చు, ఇంకొకరు లేవలేకపోవచ్చు.

పరుపు దిగకముందే గుప్పెడు మరమరాలు నమలండి. కడుపు ఖాళీగా ఉంచకుండా కొంచెం కొంచెం తినండి. అన్నంతో పాటు కాకుండా మధ్యలో నీళ్లు తాగండి. నీళ్లు కూడా ఇమడకపోయినా, మూత్రం ముదురు రంగులో కొద్దిగా వస్తున్నా అది ఇంట్లో ఓర్చుకునేది కాదు, సెలైన్ అవసరం. బీడీలు చుట్టే తల్లులకు ఒక మాట: తంబాకు దుమ్ముకు ఈ నెలల్లో దూరంగా ఉండండి. కుదరదంటే కనీసం పొయ్యి దగ్గర, పడుకునే గదిలో గంప పెట్టొద్దు.

ఎర్ర మరక కనిపిస్తే

మొదటి మూడు నెలల్లో దాదాపు నలుగురిలో ఒకరికి కొంచెం రక్తం కనిపిస్తుంది. అందులో చాలామందికి బిడ్డ బాగానే నిలుస్తుంది. అయినా చూపించుకోవాల్సిందే. రక్తం ఎక్కువగా పోతున్నా, పొత్తికడుపులో ఒకపక్క పొడిచినట్టు నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, భుజం చివర నొప్పి పుట్టినా 108కి ఫోన్ చేయండి. పిండం గర్భసంచిలో కాక, అండం వచ్చే నాళంలో నిలిస్తే ఇలాగే ఉంటుంది. ఆలస్యమైతే తల్లి ప్రాణం మీదికి వస్తుంది.

కొన్ని నిలవవు. తెలిసిన గర్భాల్లో నూటికి 10 నుంచి 20 దాకా మొదటి నెలల్లోనే పోతాయి. వాటిలో సగానికి పైగా పిండంలోని క్రోమోజోముల తేడా వల్ల. ఆమె బిందె ఎత్తినందుకు కాదు, బస్సెక్కినందుకు కాదు, చావింటికి పోయినందుకు అంతకన్నా కాదు. ఎవరికీ చెప్పలేదు కాబట్టి పోయినప్పుడు ఓదార్చేవాళ్లూ ఉండరు. మర్నాడే పనికి పోయినవాళ్లు నాకు తెలుసు.

పేరు రాయిస్తే

12 వారాల్లోపు మా దగ్గర పేరు రాయిస్తే రక్తం శాతం, బ్లడ్ గ్రూపు, షుగర్, బీపీ, హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు మొదట్లోనే అయిపోతాయి. రక్తం 11 గ్రాముల కంటే తక్కువుంటే సరిచేసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. నాలుగో నెల నుంచి ఐరన్ మాత్రలు 180 రోజులు వేసుకోవాలి, చాయ్‌తో మాత్రం వద్దు. అంగన్‌వాడీలో రోజూ ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ప్రతి నెల 9న దవాఖానలో డాక్టరు చూస్తారు.

వచ్చేటప్పుడు ఆఖరి నెలసరి తేదీ, ఆధార్, వాడుతున్న మందుల చీటీ తెచ్చుకోండి. అత్తను తెచ్చుకుంటారా, అమ్మను తెచ్చుకుంటారా, ఒక్కరే వస్తారా అన్నది మీ ఇష్టం. రిజిస్టరులో రాసింది వాడలో చెప్పడం నా పని కాదు.