గడ్డి పరిచే ముందు మట్టిని చూడండి

గత సంవత్సరం ఫిబ్రవరిలో జూబ్లీహిల్స్‌లోని ఒక పరిచయస్తుని ఇంటికి వెళ్లవలసి వచ్చింది. వారి కుమారుని వలీమా మార్చి నెలాఖరుకు నిశ్చయమైంది. విందు ఇంటి ముందరి పచ్చికపైనే జరగాలని ఇంటిల్లిపాది కోరిక. కాని ఆరు వందల గజాల ఆ పచ్చిక చూడబోతే, కొన్నిచోట్ల పండిపోయి, కొన్నిచోట్ల బోడినేల తేలి, మిగిలినచోట తుంగ అలుముకొని ఉన్నది. ఒక కాంట్రాక్టరు వచ్చి, పాతదంతా చెక్కివేసి, పైన కాస్త ఎర్రమట్టి పోసి, చాపల్లా చుట్టిన కొత్త గడ్డి తెచ్చి పది రోజులలో పరిచేస్తానని మాట ఇచ్చాడట. ఆ మాట అందరికీ నచ్చింది, ఒక్క తోటమాలికి తప్ప.

ఆ తోటమాలి పాలమూరు వైపు నుండి వలస వచ్చిన వృద్ధుడు. అతని మనుమడు మా మదరసాలో చదువుకుంటున్నాడు. ఆ చనువుతో మమ్మల్ని ఒక ప్రక్కకు తీసుకువెళ్లి అన్నాడు: “మౌల్వీ సాబ్, జర మీరన్న చెప్పుండ్రి. గిది మూడోసారి. పైన గడ్డి మారుస్తున్నరు గని కింద మట్టి దిక్కు ఎవ్వరు చూస్తలేరు.”

నిజం చెప్పాలంటే, మేము మొదట యజమాని పక్షమే వహించాము. “చాచా, శుభకార్యం దగ్గరపడింది. పది రోజులలో అయ్యే పనికి అడ్డు చెప్పడం ఎందుకు?” అన్నాము. అతడు బదులు పలుకక గడ్డపార తెచ్చి, బోడిగా ఉన్నచోట నాలుగు పోట్లు పొడిచాడు. జానెడు లోతైనా దిగకముందే ఖంగుమన్నది. తీసి చూస్తే ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, పాలరాతి పలుకులు. ఇల్లు కట్టిన నాటి చెత్త అంతా అక్కడే పూడ్చి, దానిపై నాలుగు అంగుళాల మట్టి కప్పి, గడ్డి పరిచారన్నమాట. రెండవసారీ అదే జరిగింది. మూడవసారీ అదే జరగబోతున్నది.

ఆ గోతి ముందు నిలబడినప్పుడు మాకు తెలిసివచ్చిన విషయాన్నే ఈ వ్యాసంలో పాఠకులతో పంచుకోదలిచాము. పచ్చిక భవితవ్యం గడ్డి వచ్చిన రోజున నిర్ణయం కాదు. దానికి నాలుగు నెలల ముందు, మట్టిలో నిర్ణయమవుతుంది.

కొండపై మట్టి ఎంత?

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతమంతా గ్రానైటు రాతికొండ. దక్కను పీఠభూమిలోని ఈ రాయి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. 1960ల దశకంలో సహకార గృహనిర్మాణ సంఘం ఇక్కడ ఇళ్ల స్థలాలు తీర్చడం ఆరంభించినప్పుడు ఇది గుండ్లూ పొదలూ నిండిన నేల. 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించబడిన కాసు బ్రహ్మానందరెడ్డి పార్కులోకి వెళితే ఆ పూర్వరూపం నేటికీ కొంత కనిపిస్తుంది. రాతి మీద పలుచని ఎర్ర చెల్క, దాని కింద మొరం. సహజంగా ఇక్కడ పెరిగేది పొద అడవేగాని, తివాచీ వంటి పచ్చిక కాదు. అందువలన ఇక్కడ లాన్ వేయదలిచినవారు మట్టిని సమకూర్చుకొనక తప్పదు.

ఈ ప్రాంతానికి మరొక ప్రత్యేకత కూడా ఉన్నది. ఇక్కడి బంగళాలు చిత్రీకరణలకు అద్దెకు ఇవ్వడం పరిపాటి. లైట్ల స్తంభాలు, క్రేన్లు, ట్రాలీ పట్టాలు, వందమంది నడక, ఇవన్నీ ఒక్క రోజులో మట్టిని రోడ్డువలె అణచివేస్తాయి. అణగిన మట్టిలో గాలి ఉండదు, నీరు ఇంకదు, వేరు దిగదు. మా పరిచయస్తుని పచ్చిక నడిమి బోడితనానికి ఇదీ ఒక కారణమని తరువాత తేలింది.

ఫిల్మ్‌నగర్ స్టూడియోలలో సెట్ వేసేవారు ఒక దృశ్యం కోసం సాయంత్రానికల్లా పచ్చిక పరుస్తారు, పని ముగియగానే ఎత్తివేస్తారు. వారి అవసరం అంతవరకే కనుక అందులో తప్పు లేదు. కాని ఇంటి ముందర సెట్ వేసుకొని, అది పదేళ్లు నిలవాలని ఆశించడమే పొరపాటు.

ముందు కొలత, తరువాత కోత

ఆనాడు ఇంటివారంతా కూర్చొని మాట్లాడుకున్నారు. చివరకు ఇంటి పెద్దావిడ తేల్చి చెప్పింది: “వలీమా ఉన్న నేల మీదనే దరీలు పరిచి చేద్దాం. గడ్డి పని తరువాత, తీరుబడిగా.” అలాగే జరిగింది. వచ్చిన అతిథులలో ఒక్కరైనా గడ్డి సంగతి అడగలేదు. విందు ముగిసిన మరుసటి వారమే తోటమాలి పని ఆరంభించాడు. అతడు చేయగా మేము చూసినదీ, తెలిసినవారిని అడిగి గ్రహించినదీ క్రమంగా వివరిస్తాము.

మొదటి పని కాగితం మీద. నీటి గొట్టాలు, విద్యుత్తు తీగలు, సంపు, మురుగు తొట్టి ఎక్కడెక్కడ ఉన్నవో గీసుకోవాలి. తెగిన తీగ ప్రాణం తీస్తుంది. పగిలిన గొట్టం నెల వరకు బయటపడదు. తరువాత ఒక రోజంతా ఎండ ఎక్కడ పడుతున్నదో గమనించాలి. కనీసం ఐదారు గంటల ఎండ లేనిచోట లాన్ గడ్డి నిలవదు. వేప, మామిడి నీడలో గడ్డి కోసం పోరాడుట వృథా. అక్కడ నీడకు ఓర్చే మొక్కలు వేయవచ్చు, లేదా రాళ్లు పరచి కూర్చునే తావు చేసుకోవచ్చు. పచ్చిక కోసం చెట్టు కొట్టే ఆలోచన మాత్రం వద్దు. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకై 2002లో వచ్చిన చట్టం ప్రకారం చెట్టు నరకడానికి అనుమతి అవసరం.

రెండవది మట్టి పరీక్ష. ఐదారు చోట్ల అడుగు లోతు గోతులు తీసి నీటితో నింపాలి. ఆ నీరు ఇంకిన పిమ్మట మరల నింపి, ఎంతసేపటికి ఇంకునో చూడాలి. గంటకు అంగుళమైనా దిగకపోతే కింద రాయో, చెత్తో, అణగిన మట్టో ఉన్నదని అర్థం. ఎనిమిది, పది చోట్ల నుండి జానెడు లోతు మట్టి తీసి, కలిపి, అందులో అరకిలో భూసార పరీక్షా కేంద్రానికి పంపాలి. ఆమ్ల క్షార సూచిక 6 నుండి 7.5 మధ్య ఉంటే గడ్డికి అనుకూలం. సిమెంటు, సున్నం పూడ్చిన నేలలో అది పెరిగిపోతుంది. అట్టిచోట చెత్త తీయకుండా ఎన్ని ఎరువులు చల్లినా ఫలితం స్వల్పమే.

వేసవి ఎండే మందు

పాత గడ్డిని వేళ్లతో సహా చెక్కివేసిన తరువాత మిగిలే శత్రువు తుంగ. పైకి కనిపించే ఆకు పీకితే అది చావదు. నేలలో గొలుసువలె అల్లుకొన్న గడ్డల నుండి మరల మొలుస్తుంది. చాలామంది గ్లైఫోసేట్ మందు కొట్టిస్తారు. మనుషులకూ పశువులకూ హాని కలుగవచ్చునన్న కారణంతో 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం దాని వాడకంపై ఆంక్ష విధించి, చీడల నివారణలో అనుమతి పొందినవారు మాత్రమే దానిని వాడవలెనని ఉత్తర్వు ఇచ్చింది. పిల్లలు ఆడుకునే ముంగిలి కనుక తోటమాలి ఆ మార్గం పట్టలేదు.

అతడు ఎండను వాడుకొన్నాడు. ఏప్రిల్ మధ్యలో నేలను తవ్వి, పెళ్లలు చితుకగొట్టి, బాగా తడిపి, పలుచని పారదర్శక ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులన్నీ మట్టితో కప్పివేశాడు. నల్ల షీటు కాదు, ఎండ లోనికి దిగే తెల్ల షీటు. హైదరాబాదు వేసవిలో ఆ షీటు కింద పైమట్టి వేడి 50 డిగ్రీలు దాటుతుంది. నాలుగు నుండి ఆరు వారాలు అలా ఉంచితే కలుపు విత్తనాలు, అనేక తెగుళ్ల క్రిములు, పురుగుల గుడ్లు నశిస్తాయి. లోతున ఉన్న తుంగ గడ్డలు మాత్రం కొన్ని మిగులుతాయి. అవి మొలిచినప్పుడల్లా గడ్డతో సహా తవ్వితీయడం తప్ప వేరే ఉపాయం లేదు. ఓపికే ఇక్కడ మందు.

తవ్వకం, వాలు, ఎరువు

షీటు పరచకముందే, ఏప్రిల్ మొదటి రెండు వారాలలో చెత్త తీశారు. తొమ్మిది నుండి పన్నెండు అంగుళాల లోతు తవ్వగా రెండు ట్రాక్టర్ల ఇటుక, సిమెంటు ముక్కలు బయటపడినవి. చెట్ల మొదళ్ల వద్ద యంత్రం వాడలేదు. వేళ్లు తెగితే వచ్చే గాలివానకు చెట్టే కూలవచ్చు. మండుటెండలో ఆ పని చేసిన కూలీలకు ఉదయం, సాయంత్రం మాత్రమే పని చెప్పి, ఏ రోజు కూలి ఆ రోజే చేతికిచ్చారు. కూలి సొమ్ము ఆలస్యం చేయరాదన్న బోధ మన ఇళ్లలో పసిపిల్లలకు సైతం తెలిసినదే. ఆచరణలో కనిపించినప్పుడే అది పిల్లల మనస్సులో నాటుకుంటుంది.

తరువాత వాలు. ప్రతి వంద అడుగులకు ఒకటి, రెండు అడుగుల వాలు ఇంటి గోడ నుండి బయటికి ఉండేలా నేలను తీర్చాలి. ఆ వాలు చివర ఇంకుడు గుంత ఉండాలి. వాన నీరు పచ్చిక మీద నిలవకూడదు, వీధిలోకీ పోకూడదు. కొండ మీది ఇంట వదిలిన నీరు దిగువ బస్తీలో ఎవరి గడపలోకి చేరునో మనం చూడము గాని, వారు చూస్తారు.

షీటు తీసిన పిమ్మట బాగా చివికిన పశువుల ఎరువు గజానికి నాలుగైదు కిలోల చొప్పున, కొంత వేపపిండితో కలిపి పైమట్టిలో కలియదిప్పారు. ఈసారి లోతుగా తవ్వలేదు. తవ్వితే అడుగున ఉన్న కలుపు విత్తనాలు మరల పైకి వస్తాయి. పచ్చి పేడ వేస్తే చెదలు, వేరు పురుగులు, కొత్త కలుపు మనమే తెచ్చిపెట్టుకున్నట్టు. చదును చేసి, తేలిక రోలరు తిప్పి, నీరు పెట్టి రెండు వారాలు ఊరకే వదిలారు. మట్టి కుంగినచోట మట్టి పోశారు, కలుపు మొలిచినచోట తీశారు. జూన్‌లో తొలకరి పడిన తరువాత, ఆ నెల చివరి వారంలో గడ్డి నాటారు. నాటడానికి పట్టినది మూడు రోజులు. సిద్ధం చేయడానికి పట్టినది దాదాపు మూడు నెలలు.

నీటి లెక్క

ఈ మధ్యలో మరొక నిర్ణయం కూడా జరిగింది. దానికి కారణం ఒక చిన్న లెక్క. ఆరు వందల గజాలు అంటే సుమారు 500 చదరపు మీటర్లు. వేసవిలో పచ్చికకు రోజుకు ఐదు మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే, ఆ నేలకు 2,500 లీటర్లు. అంటే రెండు రోజులకు ఒక 5,000 లీటర్ల ట్యాంకరు. పట్టణాలలో మనిషికి రోజుకు 135 లీటర్లు చాలునని ప్రభుత్వ ప్రమాణం. ఆ లెక్కన ఒక్క పచ్చిక తాగేది 18 మంది నీరు. నగరానికి కృష్ణా జలాలు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, ఎత్తిపోతలతో వస్తున్నాయి. 2024 వేసవిలో నగరపు పడమటి భాగంలో బోర్లు ఎండి, ట్యాంకర్లకు ఎంత గిరాకీ ఏర్పడినదో పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

ప్రవహించే ఏటి ఒడ్డున వుజూ చేసుకొన్నా నీటిని వృథా చేయరాదని నేర్చిన వారము మనము. ఈ లెక్క చూపినప్పుడు యజమాని చాలాసేపు మౌనంగా ఉండి, “మౌలానా, సగం చాలు” అన్నారు. పచ్చిక మూడు వందల గజాలకు తగ్గింది. మిగిలిన నేలలో జామ, సీతాఫలం, నిమ్మ, కొంత పూలతోట వచ్చినవి. 300 చదరపు మీటర్ల డాబా మీద పడే నీటిని ఇంకుడు గుంతకు మళ్లించారు. ఏటా 800 మిల్లీమీటర్ల మేర వాన పడే ఈ నగరంలో ఆ డాబా నుండి రెండు లక్షల లీటర్ల వరకు నేలలోకి చేరగలదు.

ఇది కొత్త ఊహ కాదు. ఫిల్మ్‌నగర్ కొండ దిగితే షేక్‌పేట, ఆ దాపునే కుతుబ్‌షాహీ సమాధులు. అక్కడి పురాతన మెట్ల బావులను ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ పునరుద్ధరించింది. పాక్షికంగా కూలిపోయిన బడీ బావోలి మరల నిలిచి వాన నీటిని పట్టుకుంటున్నది. ఆ నీరు చుట్టుపట్ల తోటలకు అక్కరకు వస్తున్నది. 2022లో ఈ బావుల పునరుద్ధరణకు యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించింది. తోట వేయకముందు నీటి తావు చూసుకొనుట మన పూర్వుల పద్ధతి.

పాఠకులలో అధికులకు ఆరు వందల గజాల ముంగిలి ఉండదు. కాని మదరసా ప్రాంగణం, ఈద్గాహ్ నేల, ఇంటి ముందరి పది గజాల జాగా, అన్నింటికీ వరుస ఇదే: కొలత, పరీక్ష, శుభ్రం, వాలు, ఎరువు, నిరీక్షణ, ఆ తరువాతే గడ్డి.

ఈ జనవరిలో మేము మరల ఆ ఇంటికి వెళ్లాము. పచ్చిక సమంగా, దట్టంగా ఉన్నది. మునుపటి నీటిలో సగం కూడా అవసరం రాలేదని యజమాని చెప్పారు. తోటమాలి మాత్రం ఒక మూల కూర్చొని, చిన్న పారతో తుంగ గడ్డ ఒకటి తవ్వుతున్నాడు. “ఇంకా ఉన్నదా చాచా?” అని అడిగాము. “ఉంటది మౌల్వీ సాబ్. మనం చూస్తుంటే తక్కువుంటది, చూసుడు మానేస్తే మొత్తం అదే ఐతది” అని నవ్వి, ఆ గడ్డను మాకు చూపి బుట్టలో వేశాడు.